క్యూఆర్ కోడ్ పుట్టిల్లు, మెట్టినిల్లు: సాంకేతికత, సంస్కృతి, ఆర్థిక వృద్ధి

క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో పుట్టింది. టయోటా బృందానికి చెందిన డెన్సో సంస్థలో కార్ల విడిభాగాల పెట్టెల మీద ఎన్నో బార్‌కోడ్లు అంటించి, వాటిని ఒక్కొక్కటిగా యంత్రానికి చూపించవలసి వచ్చేది. ఆ శ్రమ తగ్గించడానికి మసాహిరో హారా అనే ఇంజనీరు, గో అనే బల్ల ఆటలోని నల్ల, తెల్ల రాళ్ల అమరిక నుంచి ఊహ అందుకుని ఈ గళ్ల చదరాన్ని రూపొందించాడు. పేటెంటు తమ పేరనే ఉన్నా, ప్రమాణాలను పాటించేవారెవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని సంస్థ నిర్ణయించింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ చదరం చైనాలోని దుకాణాలకు, ఆ తరువాత మన దగ్గర టీ బండికి, పూల బుట్టకు, కొబ్బరి బొండాల తోపుడుబండికి చేరి అక్కడే కాపురం పెట్టింది. పుట్టింట్లో మాత్రం 2016 నాటికి కూడా వినియోగదారుల ఖర్చులో నగదు లేకుండా సాగిన భాగం అయిదో వంతు దగ్గరే ఆగిపోయింది.

కనిపెట్టినవారు వెనకబడి, వాడుకున్నవారు ముందుకు పోవడం ఎలా సాధ్యమని అడిగితే, చాలామంది నోట సిద్ధంగా ఉండే జవాబు సంస్కృతి. జపనీయులు జాగ్రత్తపరులనీ, అలవాటు పడినదాన్ని వదలరనీ, మనవాళ్లు దేనికైనా ఇట్టే సర్దుకుపోతారనీ అంటారు. ఈ జవాబులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం మనం వెతికే చోట కాక, మరెక్కడో ఉంది. అది ఎక్కడుందో తెలుసుకోవాలంటే, సాంకేతికత అసలు ఏ దారిలో ఆర్థిక వృద్ధిగా మారుతుందో ముందుగా చూడాలి.

1957లో అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ సోలో ఒక లెక్క వేశాడు. 1909 నుంచి 1949 వరకు అమెరికాలో ఒక్కో పనిగంటకు లభించిన ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. ఆ పెరుగుదలలో యంత్రాలు, భవనాల వంటి పెట్టుబడి పెరగడం వల్ల వచ్చినది ఎనిమిదో వంతు మాత్రమేననీ, మిగిలిన ఏడు వంతులూ సాంకేతిక మార్పు ఖాతాలోకి వస్తాయనీ తేలింది. సాంకేతిక మార్పు అన్న మాటను అతను చాలా విశాలమైన అర్థంలో వాడాడు. కొత్త యంత్రంతో పాటు పనివారి చదువు, పని అమరిక, యాజమాన్యం తీరు, పెట్టుబడితో వివరించలేని సమస్తం అందులో పడ్డాయి. లెక్కలో తేలని బాకీని ‘ఇతరములు’ అనే పద్దు కింద రాసుకున్నట్టే ఇదీ. వృద్ధికి అసలు మూలం ఆ ‘ఇతరముల’ పద్దులోనే ఉందని తేలడమే ఆ లెక్కలోని చమత్కారం. గత ఆరు దశాబ్దాలుగా ఆర్థికశాస్త్రం చేసిన పనిలో పెద్ద భాగం ఆ పద్దును విప్పి చూడడానికే సరిపోయింది.

విప్పినకొద్దీ బయటపడిన మొదటి సంగతి ఏమిటంటే, యంత్రం ఉండడం వేరు, దాని చుట్టూ పనిని తిరిగి అమర్చుకోవడం వేరు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ విద్యుత్తు. ఎడిసన్ న్యూయార్కు, లండన్ నగరాలలో విద్యుత్ కేంద్రాలను ప్రారంభించింది 1882లో. అయినా 1900 ప్రాంతంలో అమెరికా కర్మాగారాల యంత్రాలను నడిపే శక్తిలో విద్యుత్తు వాటా నూటికి అయిదు వంతులకు మించలేదు. ఉత్పాదకత గట్టిగా పెరగడం 1920లలో గాని మొదలు కాలేదు. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో దీనికి కారణం వివరించాడు. మన డెల్టాలోని పాతకాలపు రైసు మిల్లును చూసినవారికి ఆ కారణం సులభంగానే అర్థమవుతుంది. ఒక మూల పెద్ద ఇంజను ఉండేది. మిల్లు పొడవునా ఒకే ఇరుసు తిరుగుతూ ఉంటే, దాని నుంచి బెల్టులు వేలాడుతూ ఒక్కో యంత్రాన్నీ నడిపించేవి. ఏ యంత్రం ఎక్కడ ఉండాలో పని క్రమం కాక ఇరుసు నిర్ణయించేది. అమెరికా ఫ్యాక్టరీ యజమానులు మొదట చేసినదల్లా ఆవిరి యంత్రాన్ని తీసేసి, అదే స్థానంలో పెద్ద విద్యుత్ మోటారును పెట్టడం. ఇరుసు, బెల్టులు, అంతస్తుల మీద అంతస్తులు కట్టిన ఇరుకు భవనం యథాతథంగా మిగిలాయి. ఒక్కో యంత్రానికీ ఒక్కో చిన్న మోటారు బిగించి, భవనాన్ని ఒకే అంతస్తుగా విశాలంగా కట్టి, పని సాగే వరుసలో యంత్రాలను పేర్చుకున్నాకే విద్యుత్తు తన ఫలితాన్ని చూపింది. ఆ మార్పుకు ఒక తరం పట్టింది.

దేశాల మధ్య తేడాలను పరిశీలించినవారికీ ఇదే ధోరణి కనబడింది. డియేగో కోమిన్, బార్ట్ హోబైన్ అనే పరిశోధకులు గత రెండు వందల ఏళ్లలో వచ్చిన 15 సాంకేతికతలు 166 దేశాలకు ఎప్పుడు చేరాయో లెక్క కట్టారు. కనిపెట్టినప్పటి నుంచి ఒక దేశానికి చేరడానికి సగటున 45 ఏళ్లు పట్టింది. కొత్త సాంకేతికతలు పాతవాటికంటే త్వరగా చేరుతున్నాయి కాబట్టి ఆ విరామం తగ్గుతూ వస్తోంది. అయితే చేరిన తరువాత ఎంత లోతుగా వాడుకలోకి వచ్చాయన్న విషయంలో ధనిక, పేద దేశాల మధ్య అంతరం పెరుగుతూ వచ్చిందని కోమిన్ తదుపరి పరిశోధనలు చెబుతున్నాయి. వస్తువు గడప దాకా త్వరగానే వస్తోంది, నట్టింట్లోకి రావడానికే ఆలస్యమవుతోంది. సంస్కృతి గురించి మాట్లాడవలసింది ఈ ఆలస్యం దగ్గరే.

సంస్కృతిని అంకెల్లోకి దింపే ప్రయత్నాలలో అందరికంటే ఎక్కువ ప్రచారం పొందినది నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ హాఫ్‌స్టెడ్ చేసినది. 1967 నుంచి 1973 వరకు ఐబీఎం సంస్థ వివిధ దేశాలలోని తన ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళులను అతను విశ్లేషించి, దేశాలకు కొన్ని కొలమానాలపై మార్కులు వేశాడు. అధికారంలో హెచ్చుతగ్గులను జనం ఎంతవరకు సహజంగా భావిస్తారు, వ్యక్తికి ప్రాధాన్యమా సమూహానికా, రేపు ఏమవుతుందో తెలియని స్థితిని ఎంతవరకు భరించగలరు అన్నవి అందులో ముఖ్యమైనవి. ఈ చివరి కొలమానాన్ని అనిశ్చితిని తప్పించుకునే ధోరణి అంటారు. ఇందులో జపాన్‌కు 92, భారత్‌కు 40, సింగపూర్‌కు 8 మార్కులు పడ్డాయి. క్యూఆర్ కోడ్ కథకు జవాబు చేతికందినట్టే అనిపిస్తుంది.

అయితే ఇదే పట్టికలో దక్షిణ కొరియాకు 85 పడ్డాయి. అనిశ్చితి అంటే జపాన్ అంతగా బెదిరే ఆ దేశం బ్రాడ్‌బ్యాండ్‌ను ఇంటింటికీ చేర్చడంలో ప్రపంచానికే ముందు నిలిచింది, క్రెడిట్ కార్డుల వాడకంలోనూ చాలా ముందుకు పోయింది. 1997 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత అక్కడి ప్రభుత్వం 1999లో కార్డుతో చేసిన ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చింది, ఆ మరుసటి ఏడాది కార్డు రసీదుల మీద లాటరీ కూడా పెట్టింది. జనం స్వభావంలో ఏ మార్పూ రాకుండానే వారి జేబు అలవాటు మారిపోయింది.

సంస్కృతితో చెప్పే వివరణలకు మరో పాత జబ్బు కూడా ఉంది. ఫలితం తెలిసిన తరువాత కారణం వెతుక్కుంటాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో జపాన్‌ను చూసి వచ్చిన పాశ్చాత్యులలో కొందరు, అక్కడివారు తీరుబడి మనుషులనీ, సమయం విలువ తెలియనివారనీ రాశారు. ప్రాచీన చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ బోధనలు పెట్టుబడిదారీ అభివృద్ధికి ఆటంకమని జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వాదించాడు. 1980ల నాటికి జపాన్, కొరియా, తైవాన్, హాంకాంగ్, సింగపూర్ ఎదిగాక, అవే బోధనలలోని క్రమశిక్షణ, పొదుపు, పెద్దల పట్ల గౌరవం ఆ ఎదుగుదలకు కారణాలయ్యాయి. మన విషయంలోనూ అంతే జరిగింది. 1950 నుంచి మూడు దశాబ్దాల పాటు మన ఆర్థిక వ్యవస్థ ఏడాదికి 3.5 శాతం దగ్గర నడిచినప్పుడు ఆర్థికవేత్త రాజ్ కృష్ణ దానికి ‘హిందూ వృద్ధి రేటు’ అని వ్యంగ్యంగా పేరు పెట్టాడు. ఆ తరువాత వేగం రెట్టింపయింది. మతమూ మారలేదు, జనమూ మారలేదు. ఒకే విత్తనం ఒకనాడు కరవుకూ మరొకనాడు పంటకూ కారణమని చెప్పేవారిని ఏ రైతూ నమ్మడు.

అలాగని సంస్కృతి ఒట్టి మాట అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అది ఎక్కడ, ఎలా పనిచేస్తుందో చూపించే ఉదంతం ఒకటుంది, దాని కోసం మళ్లీ జపాన్‌కే వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్ ఫ్యాక్టరీల సరుకు నాసిరకానికి మారుపేరుగా ఉండేది. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికన్ గణాంకవేత్త అక్కడికి వెళ్లి, నాణ్యతను గణాంకాలతో అదుపు చేసే పద్ధతిని ఇంజనీర్లకు, సంస్థల అధిపతులకు బోధించాడు. మరుసటి ఏడాదే అతని పేరిట ఒక బహుమతి నెలకొంది. ఆ పద్ధతి పుట్టిల్లు అమెరికా, అది స్థిరపడిన మెట్టినిల్లు జపాన్. అదే 1950లో టయోటాలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా పెద్ద సమ్మె జరిగి, సంస్థాపకుడు కీచిరో టయోడా పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఆ గొడవ ముగిశాక కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య కుదిరిన అవగాహనలో ఉద్యోగ భద్రత ఒక స్తంభంగా నిలిచింది. జీవితాంత ఉద్యోగం జపాన్ ప్రాచీన సంస్కృతిలో భాగమని తరువాతి కాలంలో ఎందరో రాశారు గాని, పెద్ద సంస్థలలో అది ఆ రూపంలో స్థిరపడినది యుద్ధానంతర సమ్మెల తరువాతి రాజీలలోనే. ఆ భద్రత వల్లే టయోటా పద్ధతిలోని ముఖ్యమైన అలవాటు నిలబడింది. కార్లను వరుసగా బిగించే లైను మీద తప్పు కనిపిస్తే, ఎంత చిన్న కార్మికుడైనా తాడు లాగి లైనును ఆపవచ్చు. తప్పును బయటపెడితే ఉద్యోగం పోదన్న నమ్మకం లేనిచోట ఆ తాడు ఉన్నా ఎవరూ ముట్టుకోరు.

ఇది జపనీయులకే చెల్లుతుందా అన్న ప్రశ్నకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ జవాబు చెప్పింది. అక్కడ జనరల్ మోటార్స్ నడిపిన కార్ల ఫ్యాక్టరీలో గైరుహాజరు, గొడవలు, నాసిరకం పని మితిమీరిపోవడంతో 1982లో దాన్ని మూసివేశారు. రెండేళ్ల తరువాత టయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే ఫ్యాక్టరీని తిరిగి తెరిచాయి. పనిలోకి తీసుకున్నవారిలో అత్యధికులు పాత కార్మికులే, వారి పాత సంఘాన్నీ కొనసాగించారు. కొందరిని జపాన్‌లోని ఫ్యాక్టరీకి పంపి పని నేర్పించారు. కొద్దికాలంలోనే అక్కడ తయారైన కార్ల నాణ్యత జపాన్‌లో తయారయ్యేవాటికి దరిదాపుల్లోకి వచ్చింది, గైరుహాజరు నామమాత్రమైంది. మనుషులు వారే, భాష అదే, దేశమూ అదే. మారినదల్లా తాడు లాగిన చేతికి దక్కే మర్యాద. ఆ విధానం జపాన్ గాలిలో మాత్రమే బతుకుతుందని అంతవరకు వాదించినవారు కొంతకాలం నోరు మెదపలేదు.

అయితే కథ అక్కడితో ముగిసి ఉంటే సంస్కృతికి పాత్ర లేదనుకోవచ్చు. ముగియలేదు. తన భాగస్వామి ఫ్యాక్టరీలోనే పాఠం నేర్చుకున్న జనరల్ మోటార్స్, దాన్ని తన మిగతా ఫ్యాక్టరీలకు వ్యాపింపజేయడానికి ఏళ్ల తరబడి తంటాలు పడింది. లైను ఆగితే తమ లెక్క తగ్గుతుందని భయపడే మేనేజర్లు ఒకవైపు, యాజమాన్యం చెప్పే ఏ కొత్త మాటలోనైనా మోసాన్ని వెతికే కార్మికులు మరొకవైపు ఉన్నచోట తాడు బిగించినా ప్రయోజనం కలగలేదు. కాబట్టి సంస్కృతి ఉన్నమాట నిజమే గాని, అది దేశం మొత్తాన్ని కప్పిన ఆకాశం కాదు. ఒక ఫ్యాక్టరీ కప్పు కింద, ఒక కార్యాలయంలో, ఒక ఇంట్లో, ఎవరు ఎవరిని నమ్ముతారు, తప్పు చెప్పినవాడికి ఏమవుతుంది, మార్పు వస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అన్న మూడు నాలుగు ఇరుకైన చోట్లలోనే అది బిగుసుకుని ఉంటుంది.

ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, అతని సహచరులు చేసిన రెండు పరిశోధనలు ఈ మాటకు బలమిస్తాయి. మొదటిది బ్రిటన్, ఐరోపాలలో పనిచేసే సంస్థల గురించినది. ఒకే దేశంలో, ఒకే రంగంలో, కంప్యూటర్ల మీద ఒకే స్థాయిలో ఖర్చు చేసినా, అమెరికన్ యాజమాన్యంలోని సంస్థలు వాటి నుంచి ఎక్కువ ఉత్పాదకతను రాబట్టాయని తేలింది. పనితీరును బట్టి పదోన్నతి ఇవ్వడం, పనికిరానివారిని మార్చడం వంటి యాజమాన్య పద్ధతులలోని తేడాయే అందుకు ప్రధాన కారణం. రెండోది మనకు మరీ దగ్గరిది. ముంబయి పరిసరాలలోని బట్టల మిల్లులలో కొన్నింటికి ఉచితంగా సలహాదారులను పంపి, నూలు నిల్వలను క్రమంగా పేర్చడం, యంత్రాలు ఆగిన సమయాన్ని రాసిపెట్టడం, లోపాలను రోజువారీ సమీక్షించడం వంటి చిన్న చిన్న పద్ధతులు నేర్పారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. కొత్త మగ్గాలేవీ కొనలేదు.

ఇంత లాభం ఎదుట ఉండగా ఆ యజమానులు ముందే ఎందుకు ఆ పని చేయలేదన్నది అసలు ప్రశ్న. కొందరికి ఆ పద్ధతులు తెలియవు, తెలిసినవారు వాటి వల్ల లాభముంటుందని నమ్మలేదు. వాటితో పాటు పరిశోధకులకు మరో సంగతి కనిపించింది. ఆ సంస్థలు ఎంత పెద్దవన్నది లాభాలను బట్టి గాక, యజమాని కుటుంబంలో ఎంతమంది మగవారున్నారన్నదాన్ని బట్టి ఎక్కువగా నిర్ణయమవుతోంది. బయటి మేనేజరు దొంగతనం చేస్తే కోర్టులో న్యాయం దొరికేసరికి ఏళ్లు గడుస్తాయి గనుక, ఒక్కో మిల్లుకూ ఒక అన్నో తమ్ముడో కొడుకో కూర్చోవలసిందే. కొడుకులు అయిపోయినచోట వ్యాపారమూ ఆగిపోతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల మిల్లు యజమానులకైనా, కాంట్రాక్టర్లకైనా ఈ లెక్క కొత్తగా అనిపించదనుకుంటాను. దీన్ని కుటుంబ సంస్కృతి అనవచ్చు, కోర్టుల ఆలస్యానికి మనుషులు కనిపెట్టుకున్న విరుగుడు అనీ అనవచ్చు. రెండూ నిజమే. ఒక అవసరానికి పుట్టిన ఏర్పాటు, ఆ అవసరం అలాగే నిలిచి ఉంటే, తరం మారేసరికి ఆచారమవుతుంది.

జపాన్ ఫ్యాక్స్ యంత్రం కథ సరిగ్గా ఇదే. జపనీస్ లిపిలో వేల కొద్దీ చిత్రాక్షరాలున్నాయి. 1915లో తయారైన జపనీస్ టైపురైటరులో సుమారు 2,400 అక్షరాలు పేర్చి ఉండేవి, దాన్ని నడపడానికి ప్రత్యేక శిక్షణ కావలసి వచ్చేది. 1978లో తోషిబా తెచ్చిన తొలి జపనీస్ వర్డ్ ప్రాసెసర్ ధర 63 లక్షల యెన్లు. అటువంటి పరిస్థితిలో చేత్తో రాసినదాన్ని ఉన్నదున్నట్టు పంపే ఫ్యాక్స్ వరప్రసాదంగా కనిపించడంలో వింత లేదు. చాలా వీధులకు పేర్లే ఉండని ఆ దేశంలో, ఇంటికి దారి చూపే పటాన్ని చేత్తో గీసి పంపడానికీ అదే పనికొచ్చింది. తన లిపిని టైపు చేయలేక ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాసుకున్న మనకు, ఇప్పుడు రాయడమే మానేసి వాయిస్ మెసేజ్‌లు పంపుకుంటున్న మనకు ఆ ఇబ్బంది అర్థం కావాలి. ఆ రోజున ఫ్యాక్స్ ఆధునికత. అది ఎంత చక్కగా పనిచేసిందంటే, దాని చుట్టూ కార్యాలయాల పని మొత్తం అల్లుకుపోయింది. కాగితం మీద హాంకో అనే ముద్ర వేయాలి, ఆ ముద్రను అధికారుల వరుస అంతా చూడాలి, కాబట్టి కాగితం కదలాలి. కారణమైన ఇబ్బంది తొలగిపోయాక కూడా అల్లిక మిగిలింది.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఆసుపత్రులు కేసుల వివరాలను చేత్తో రాసి ఫ్యాక్స్‌లో పంపవలసి రావడం ఆ దేశంలోనే పెద్ద విమర్శలకు దారితీసింది. అదే ఏడాది మంత్రి తారో కోనో ప్రభుత్వ వ్యవహారాలలో ముద్ర వేయవలసిన సుమారు 15,000 పనులను పరిశీలింపజేసి, వాటిలో 99 శాతానికి పైగా ముద్ర అవసరమే లేదని తేల్చాడు. 2021 సెప్టెంబరులో డిజిటల్ ఏజెన్సీ ఏర్పడింది. ఫ్లాపీ డిస్కులలోనో సీడీలలోనో దరఖాస్తులు ఇవ్వాలని చెప్పే నిబంధనల మీద 2022లో అతను యుద్ధం ప్రకటించాడు. ఫ్లాపీలకు సంబంధించిన నిబంధనలు 2024 మధ్యనాటికి తొలగిపోయాయి. దీనిని గురించి నవ్వుకునేవారు ఒక సంగతి గమనించాలి. ముద్రను జనం ప్రేమతో పట్టుకుని వేలాడలేదు. నిబంధన ఉంది కనుక వేశారు, తీసేశాక వేయడం మానారు. సంస్కృతి అనుకున్నదానిలో పెద్ద భాగం ఎవరూ సవరించడానికి పూనుకోని నిబంధనల కట్ట.

నగదు విషయమూ ఇలాంటిదే. జపాన్‌లో దొంగనోట్లు అరుదు, దొంగతనాలు తక్కువ, ఏటీఎంలు ప్రతి మలుపులో ఉన్నాయి, నోట్లు శుభ్రంగా ఉంటాయి, చిల్లర ఎప్పుడూ సరిగ్గా దొరుకుతుంది. బాగా పనిచేసే వస్తువును మార్చవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. మన దగ్గర నగదు అంత సుఖంగా ఎన్నడూ లేదు. చిరిగిన నోటుతో పేచీ ఉంటుంది, అయిదు వందల నోటు ఇస్తే కండక్టరు ముఖం చిట్లిస్తాడు, రెండు రూపాయల చిల్లరకు బదులు కిరాణా కొట్టువాడు చాక్లెట్ చేతిలో పెడతాడు. అంటే మనల్ని కొత్త దారి పట్టించినది సాహసగుణంకంటే ముందు పాత దారిలోని గుంతలు.

జపాన్ అలవాటు కూడా కదలలేనిదేమీ కాదని 2018లో రుజువైంది. ఆ ఏడాది అక్టోబరులో పేపే అనే క్యూఆర్ చెల్లింపు సేవ అక్కడ మొదలైంది, దాని సాంకేతికత తయారీలో మన పేటీఎం పాలుపంచుకుంది. కోడలు పసుపు కుంకుమలతో పుట్టింటికి వచ్చినట్టుగా, గళ్ల చదరం భారతదేశం చుట్టి సొంతగడ్డకు తిరిగి చేరింది. డిసెంబరులో ఆ సంస్థ, కొన్నదానిలో 20 శాతం తిరిగి ఇస్తామంటూ 1,000 కోట్ల యెన్లు కేటాయించింది. నెలల పాటు సాగుతుందనుకున్న ఆ సొమ్ము పదే రోజుల్లో ఖర్చయిపోయింది. అనిశ్చితి కొలమానంలో 92 మార్కులు తెచ్చుకున్న జనమే దుకాణాల ముందు వరుసలు కట్టారు. 2019లో వినియోగ పన్ను పెంచినప్పుడు నగదు లేని చెల్లింపులకు ప్రభుత్వమూ రాయితీ ఇచ్చింది. 2024 నాటికి వాటి వాటా 42.8 శాతానికి చేరింది, అందులో సింహభాగం క్రెడిట్ కార్డులదే.

ఇటు మన యూపీఐ సంగతి చూస్తే, 2016 ఏప్రిల్‌లో మొదలైన ఆ ఏర్పాటు 2025 ఆగస్టులో ఒక్క నెలకే 2,000 కోట్ల లావాదేవీలను దాటింది. దీనికి వెనక 2014 నుంచి తెరిచిన జన్‌ధన్ ఖాతాలు, 2016 సెప్టెంబరులో జియో రాకతో పడిపోయిన డేటా ధరలు, ఆ నవంబరు 8న వచ్చిన పెద్ద నోట్ల రద్దు, ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా ఏ యాప్‌తోనైనా పంపగలిగే ఉమ్మడి అమరిక, 2020 నుంచి వ్యాపారి మీద రుసుము లేకపోవడం ఉన్నాయి. వీటిలో ఏదీ సంస్కృతి కాదు. సంస్కృతి ప్రవేశించిన చోటు వేరే ఉంది, అది కొట్టు గల్లాపెట్టె పక్కన మాట్లాడే చిన్న పెట్టె. ‘అప్పు రేపు’ అని బోర్డు రాసిపెట్టుకున్న వ్యాపారి, కొనుగోలుదారు తన ఫోను తెర చూపించి డబ్బు వేశానంటే ఎందుకు నమ్మాలి? రద్దీ సమయంలో తన ఫోను తీసి చూసుకునే తీరిక అతనికి లేదు. సౌండ్‌బాక్స్ ఆ చిక్కును విప్పింది. డబ్బు చేరిందని అందరూ వినేలా, తెలుగులోనే గట్టిగా చెప్పింది. నోటి మాటకు నలుగురు సాక్ష్యం ఉండాలన్న పాత సంత సంప్రదాయానికి ఇది యంత్రరూపం. 

కెన్యాలో ఫోను ద్వారా డబ్బు పంపే ఎం-పెసా సేవ కథకూ ఇదే పోలిక ఉంది. సూక్ష్మరుణాల వాయిదాలు కట్టించడానికి 2005లో ప్రయోగాత్మకంగా తయారుచేసిన ఏర్పాటును జనం తమ ఊళ్లలోని బంధువులకు డబ్బు పంపడానికి వాడుకోవడం మొదలుపెట్టారు. సంస్థ అది గమనించి, 2007 మార్చిలో ‘ఇంటికి డబ్బు పంపండి’ అన్న నినాదంతోనే సేవను ప్రారంభించింది. పట్నంలో సంపాదించేవాడు పల్లెలోని వారిని చూసుకోవాలన్న ఆచారమే దానికి గిరాకీ తెచ్చింది. ఎం-పెసా దాదాపు 1,94,000 కుటుంబాలను పేదరికం నుంచి బయటకు తెచ్చిందని ఆర్థికవేత్తలు తవ్‌నీత్ సూరి, విలియం జాక్ 2016లో అంచనా వేశారు. బ్యాంకులు బలంగా ఉన్న దక్షిణాఫ్రికాలో అదే సేవ 2010లో మొదలై 2016లో మూతపడింది. అక్కడా బంధువులున్నారు, పల్లెలున్నాయి. గుంతలే తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చెల్లింపులు వేగంగా జరిగినంత మాత్రాన ఆర్థిక వృద్ధి జరిగినట్టు కాదు. కంప్యూటర్లు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి గాని ఉత్పాదకత లెక్కల్లో మాత్రం కనిపించడం లేదని సోలో 1987లో చమత్కరించాడు, ఆ చమత్కారం మనకూ వర్తిస్తుంది. 2016 నవంబరులో సుమారు 18 లక్షల కోట్ల రూపాయలున్న చలామణీ నగదు 2024కు 35 లక్షల కోట్ల దరిదాపులకు చేరింది. యూపీఐ పెరిగింది, నగదూ పెరిగింది. కిరాణా కొట్టులో చదరం ఇంకా పాత ఆవిరి యంత్రం చోట పెట్టిన కొత్త మోటారు దశలోనే ఉంది. చదరం ద్వారా నమోదైన రోజువారీ అమ్మకాల లెక్క చూసి బ్యాంకు తాకట్టు లేకుండా అప్పు ఇచ్చినప్పుడు, వ్యాపారి సరుకు కొనుగోలును దాన్ని బట్టి మార్చుకున్నప్పుడు ఇరుసు, బెల్టులు తొలగడం మొదలవుతుంది. అది అక్కడక్కడా మొదలైంది, అంతకుమించి చెప్పడం తొందరపాటు.

ధరలూ నిబంధనలూ కదిలించలేని చోటు ఒకటి మిగిలింది, అది ఇంటి లోపల. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మగవారు ఆంధ్రప్రదేశ్‌లో 48.8 శాతం కాగా ఆడవారు 21 శాతం. తెలంగాణలో ఆ అంకెలు 57.9, 26.5. తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం, కేరళలో 86.6 శాతం. అంకెలు ఇప్పటికి పాతబడ్డాయి గాని వాటిలోని ప్రశ్న పాతబడలేదు. ఒకే ఇల్లు, ఒకే సిగ్నలు, డేటా ధరా ఒకటే. కాబట్టి ఆ తేడాను ధరతో వివరించలేము, ఫోను ఎవరి చేతిలో ఉండాలన్న ఇంటి కట్టుబాటుతోనే వివరించాలి. సంస్కృతి అన్న మాటను నేను సంకోచం లేకుండా వాడేది ఇక్కడే.

ఆ కట్టుబాటును స్త్రీల శాశ్వత స్వభావంగా లెక్కగట్టేవారికి మాత్రం నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుండాలి. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చి చదువు నేర్చుకున్న ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణాన్ని మూయించారు, ఆ ఊపులోనే జిల్లాలో పొదుపు సంఘాలు లేచాయి. అప్పటికి వారి చేతుల్లో ఫోనుల మాట అటుంచి, చాలామందికి బ్యాంకు గుమ్మం ఎక్కిన అనుభవమే లేదు. ఆ తరువాత సంఘాలు రాష్ట్రమంతటా లక్షల సంఖ్యకు పెరిగి, మీటింగు పుస్తకం రాయడం, వాయిదాలు వసూలు చేయడం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడడం వారికి మామూలు పనులయ్యాయి. సంఘం పద్దులు తప్పు లేకుండా రాసే ఆ చేతికే ఇంట్లో ఫోను అందడం లేదంటే, చెయ్యలేకపోవడం కాదు దానికి కారణం.